జనవరి లెక్కకు అందని పిట్టలు

వలస పక్షులంటే మన శ్రీకాకుళంలో ఎవరికైనా తేలినీలాపురం, తేలుకుంచి గుర్తొస్తాయి. గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, నెలల తరబడి ఉండే పక్షులవి. ఊరివాళ్లు వాటిని పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. నౌపడ ఉప్పు మడుల్లో, సోంపేట బీల అనే చిత్తడి నేలలో నాలుగు రోజులు దిగి, మేసి, వెళ్లిపోయే చిన్న ఉల్లంకి పిట్టల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. నా బాధంతా వాటి గురించే.

ఆ నాలుగు రోజులూ ఉత్త విశ్రాంతి కాదు. దూర ప్రయాణానికి ముందు ఇలాంటి పక్షుల్లో కొన్నిటికి పేగులు కుంచించుకుపోతాయి. కొత్తచోట దిగాక ముందు అవి మళ్లీ పెరగాలి. అందుకే మొదటి ఒకటి రెండు రోజులు ఎంత మేసినా ఒళ్లు చేయదు. 2022లో ఉల్లంకుల కుటుంబానికే చెందిన గాడ్విట్ అనే పక్షి పిల్ల, ఐదు నెలలది, అలాస్కా నుంచి టాస్మానియాకు 11 రోజుల్లో సుమారు 13,560 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా ఎగిరింది. అంత శక్తీ బయల్దేరే ముందు బురదనేలల్లో మేసిందే.

ఎప్పుడు లేవాలో తేల్చేది మొదట కొవ్వు. వలసలు తెలుసుకోవడానికి పిట్టల కాళ్లకు రింగులు వేసేవాళ్లు పిట్టను చేతిలోకి తీసుకుని గొంతు కింద మెల్లగా ఊదుతారు. ఈకలు విడిపోయి, పల్చటి చర్మం కింద పసుప్పచ్చని కొవ్వు కనిపిస్తుంది. అక్కడి గుంట నిండి ఉబ్బిందంటే పిట్ట ప్రయాణానికి సిద్ధమైనట్టే. అప్పుడిక గాలి చూసుకుంటుంది: వెనక నుంచి తోసే గాలి, వాన లేని ఆకాశం. ఉల్లంకులు చాలాసార్లు పొద్దుగూకే ముందు గోలగా అరుచుకుంటూ గుంపుగా లేస్తాయి. కొన్ని మనసు మార్చుకున్నట్టు మళ్లీ కిందికి దిగిపోతాయి.

గుంట నిండకపోతే మంచి గాలి వీచినా ఆగడమే మేలు. కానీ మేతే దొరకని చోట ఎన్నాళ్లు ఆగుతుంది? పైగా మార్చి, ఏప్రిల్‌లలో ఇంకో తొందర. సైబీరియాలో వేసవి కొద్ది వారాలే, ఆలస్యమైతే గూడు పెట్టే అదను దాటిపోతుంది. మడిని పూడ్చేసినా, కుక్కలు పదేపదే తరిమినా అరకొర కొవ్వుతోనే లేచిపోవాల్సి వస్తుంది.

మన నీటిపక్షుల గణన జరిగేది జనవరిలో. చలికాలం ఇక్కడే గడిపేవి అందులో పడతాయి, దారిలో దిగి దాటిపోయేవి పడవు. ఒక మడిలో ఒకరోజు 200 పిట్టలు కనిపించాయనుకుందాం. వారానికో గుంపు వెళ్లి కొత్తది వస్తే, నెల తిరిగేసరికి ఆ మడి 800 పిట్టలకు మేత పెట్టినట్టు. కాగితం మీద మాత్రం 200. 'పెద్దగా పక్షులు లేవు' అని రాసేయడానికి ఆ అంకె చాలు.

సోంపేట బీలలో థర్మల్ ప్లాంట్ వద్దని పోరాడినవాళ్లపై 2010 జూలై 14న కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. జనం కొట్లాడింది సాగు కోసం, చేపల కోసం. పిట్టలకూ ఆ నీరే ఆధారం. ఆ పోరాటం తర్వాతైనా బీలలో ఏ నెలలో ఏం దిగుతుందో పక్కాగా రాసిపెట్టుకోవాల్సింది.

సెప్టెంబరు, అక్టోబరుల్లో, మళ్లీ మార్చి, ఏప్రిల్‌లలో పదిహేను రోజులకోసారి లెక్కపెట్టాలి. బైనాక్యులర్స్‌తో డిగ్రీ కాలేజీ జువాలజీ విద్యార్థులు చేయగలిగిన పనే. అయితే మొదటి రోజు మడుల్లో ఉప్పు తీసేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. పిట్టలు ఏ మడిలో దిగుతాయో రోజూ చూసేది వాళ్లే.