కిడ్నీ క్యాన్సర్‌ను వైరస్ మీదికి నెట్టే ముందు

క్యాన్సర్ పక్కన వైరస్ అనే మాట కనబడితే మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న 'అంటుకుంటుందా?' అని. పేషెంటు కంచం, గ్లాసు వేరుగా పెట్టడం మొదలవుతుంది. కాబట్టి ముందే చెప్పేస్తాను. కిడ్నీ క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఫలానా వైరస్ వల్లే అది వస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. పొగతాగడం, ఊబకాయం, హైబీపీ... గట్టి ఆధారాలున్న కారణాలు ఇవే. అయినా వైరస్ ప్రశ్నను కొట్టిపారేయడానికి లేదు.

ఎందుకంటే ఒక ప్రాణిలో అది నిజమని తేలింది. అమెరికాలోని లెపర్డ్ కప్పల కిడ్నీల్లో వచ్చే క్యాన్సర్ గడ్డలను 1930ల్లో బాల్డుయిన్ లూకే అనే పాథాలజిస్టు పరిశీలించి, దీని వెనక వైరస్ ఉందని 1938లో ప్రతిపాదించారు. అది హెర్పిస్ జాతి వైరస్ అని తర్వాత తేలింది. చలికాలంలో ఆ గడ్డల నిండా వైరస్ ఉంటుంది. ఎండలు ముదిరాక గడ్డ పెరుగుతుంది గానీ మైక్రోస్కోప్ కింద వైరస్ కనబడదు. అంటే కనబడనంత మాత్రాన లేదనుకోకూడదు.

మరి మనిషి విషయంలోనూ అలాగే దాక్కుందేమో? ఇప్పుడు మైక్రోస్కోప్ మీదే ఆధారపడే రోజులు పోయాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గడ్డను జీన్ సీక్వెన్సింగ్ చేస్తే దాదాపు ప్రతిసారీ దానికి కారణమైన హెచ్‌పీవీ అనే వైరస్ జాడ దొరుకుతుంది. కిడ్నీ గడ్డల్లో అలా ప్రతిసారీ దొరికే వైరస్ ఏదీ లేదు. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు.

అందరూ ఎత్తిచూపేది లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్-సి వైరస్‌ను. 2010లో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి డాక్టర్లు హెపటైటిస్-సి పరీక్ష చేయించుకున్న 67 వేల మంది రికార్డులు చూశారు. వైరస్ ఉన్నవాళ్లలో 0.6 శాతం మందికి, లేనివాళ్లలో 0.3 శాతం మందికి కిడ్నీ క్యాన్సర్ వచ్చింది. 'ముప్పు రెట్టింపు' అని హెడ్డింగ్ పెట్టడానికి ఇది చాలు. లోపలికి వెళ్తే కథ వేరు. వైరస్ ఉన్న సుమారు మూడు వేల మందిలో కిడ్నీ క్యాన్సర్ కేసులు 17 మాత్రమే. నాలుగైదు కేసులు అటూ ఇటూ అయితే లెక్కే మారిపోతుంది. వైరస్ ఉన్నవాళ్లకు సగటున 54 ఏళ్లకే, లేనివాళ్లకు 63 ఏళ్లకు క్యాన్సర్ బయటపడిందని కూడా రాశారు. వినగానే గుండె జారుతుంది. కానీ అమెరికాలో హెపటైటిస్-సి ఎక్కువగా ఉన్నది 1945-65 మధ్య పుట్టిన తరంలో. ఆ గుంపులో ముసలివాళ్లే తక్కువైతే, అందులో బయటపడే ఏ జబ్బుకైనా సగటు వయసు తగ్గే కనబడుతుంది.

ఇంకో చిక్కు స్కానింగ్ గదిలో ఉంది. కడుపు స్కాన్ చేసేటప్పుడు కుడి పక్కటెముకల కింద జెల్ రాసి ప్రోబ్ పెడితే లివర్, కుడి కిడ్నీ ఒకే ఫ్రేములో పక్కపక్కన కనబడతాయి. ఫ్యాటీ లివర్ ఉందో లేదో తేల్చేది కూడా లివర్ తెలుపును ఆ కిడ్నీతో పోల్చి చూసే. హెపటైటిస్-సి ముదిరినవాళ్లకు లివర్ కోసం పదే పదే స్కాన్ తీస్తారు. తీసిన ప్రతిసారీ కిడ్నీ కూడా కంటపడుతుంది. కిడ్నీ గడ్డల్లో చాలావరకు ఏ నొప్పీ లేకుండా, వేరే పని మీద తీసిన స్కాన్‌లో యాదృచ్ఛికంగా దొరికేవే. ఎక్కువ వెతికిన చోట ఎక్కువ దొరకడంలో వింతేముంది? తర్వాతి అధ్యయనాలు కూడా ఒక్క మాట మీద లేవు. కొన్ని సంబంధం ఉందన్నాయి, కొన్నింటిలో ఏమీ తేలలేదు.

అలాగని హెపటైటిస్-సి కిడ్నీ జోలికి రాదని కాదు. కిడ్నీ వడపోత జల్లెడలను దెబ్బతీసి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు తెచ్చే సామర్థ్యం దానికుంది. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్ల కిడ్నీల్లో నీటి బుడగలు ఏర్పడి, వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారడం డాక్టర్లు చూస్తున్నదే. వైరస్ పాత్ర ఏమైనా ఉంటే ఇలా చుట్టుదారిన ఉండొచ్చని నా అంచనా.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లది వేరే లెక్క. మనలో చాలామందికి చిన్నప్పుడే సోకి, ఏ హడావుడీ లేకుండా కిడ్నీల్లో పడి ఉండే వైరస్ ఒకటుంది, పేరు బీకే. 1971లో లండన్‌లో ఒక మార్పిడి పేషెంటు మూత్రంలో దాన్ని కనుక్కుని, ఆ పేషెంటు ఇనీషియల్సే పేరుగా పెట్టారు. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఇమ్యూనిటీ తగ్గించే మందులు వేస్తారు కదా, అదే అదనుగా ఇది లేస్తుంది. దీన్ని పూర్తిగా అణిచే యాంటీవైరల్ లేదు. ఇమ్యూనిటీ మందు డోసు తగ్గించాలి, తగ్గిస్తే కిడ్నీ రిజెక్ట్ అవుతుందేమోనని టెన్షన్. ఇలాంటివారిలో కొందరి మూత్రాశయ, కిడ్నీ గడ్డల్లో బీకే డీఎన్‌ఏ కణాల జన్యువుల్లోనే అతుక్కుని కనబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే వరుసలో చేర్చింది. కానీ ఈ ముప్పు ఉన్నది ఇమ్యూనిటీ అణిచిన కొద్దిమందికే. వీళ్ల కథను అందరికీ అంటగట్టకూడదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది పూర్తిగా తలకిందుల వ్యవహారం. మన డీఎన్‌ఏలో సుమారు 8 శాతం లక్షల, కోట్ల ఏళ్ల కిందట పూర్వీకులకు సోకిన వైరస్‌ల శిథిలాలే. మామూలుగా అవి నిద్రలో ఉంటాయి. కిడ్నీ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే క్లియర్ సెల్ రకంలో వీహెచ్‌ఎల్ అనే జీన్ చెడిపోతుంది. దాంతో ఆక్సిజన్ అందడం లేదని కణం భ్రమపడి రకరకాల స్విచ్‌లు వేస్తుంది. ఆ గందరగోళంలో హెచ్‌ఈఆర్‌వీ-ఇ అనే పాత వైరస్ ముక్క కూడా మేల్కొంటుంది. అంటే ఇక్కడ వైరస్ క్యాన్సర్‌ను తేలేదు, క్యాన్సరే వైరస్‌ను లేపింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో రిచర్డ్ చైల్డ్స్ బృందం ముదిరిన కిడ్నీ క్యాన్సర్ పేషెంటుకు మరొకరి మూలకణాలు ఎక్కిస్తే గడ్డలు కరిగాయి. దాత నుంచి వచ్చిన టీ-కణాలు (ఇమ్యూనిటీ సైనికులు) దేన్ని గుర్తుపట్టి దాడి చేశాయని వెతికితే దొరికింది ఈ వైరస్ ముక్కే. 2008లో ఆ సంగతి ప్రచురించారు. పేషెంటు సొంత టీ-కణాలకే ఆ ముక్కను గుర్తుపట్టడం నేర్పి తిరిగి ఎక్కించే ట్రయల్ కూడా తర్వాత మొదలుపెట్టారు. పరిశోధన డబ్బు పెట్టాల్సిన చోటు ఇదని నేనంటాను.

ఇక హెపటైటిస్-సి ఉన్నవాళ్లు కిడ్నీ లెక్కలు తేలేదాకా ఆగాల్సిన పని లేదు. ఒకప్పుడు లక్షలు పోయాల్సి వచ్చిన హెపటైటిస్-సి మందు సోఫోస్‌బువిర్‌ను హైదరాబాద్ కంపెనీలు హెటిరో, నాట్కో జెనరిక్‌గా చేస్తున్నాయి. దాన్ని మరో మందుతో కలిపి వాడే, సాధారణంగా 12 వారాల కోర్సుతో నూటికి 95 మందికి పైగా వైరస్ పోతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్ష, మందులు ఉచితం. డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, ఎప్పుడో రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఆ పరీక్ష ఒకసారి అడిగి చేయించుకోవాలి. లివర్‌ను కాపాడుకోవడానికి ఆ ఒక్క పరీక్షా అవసరమే.