పేటెంట్ల మీద పోరాడేవాళ్ళ వెనక మనం ఎందుకు లేము?

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళలో చాలామందిమి కోడ్ రాసి బతుకుతున్నాం, లేదా కోడ్ రాసేవాళ్ళని మేనేజ్ చేసి బతుకుతున్నాం. అయినా సాఫ్ట్‌వేర్ పేటెంట్ల మాట మన మధ్య వచ్చేది రెండే సందర్భాల్లో. కంపెనీ పేటెంట్ బోనస్ ఇచ్చిందని ఒకరు చెప్పినప్పుడు, గ్రీన్‌కార్డ్ ఫైల్లో పేటెంట్ ఉంటే బలంగా ఉంటుందని లాయర్ అన్నాడని ఇంకొకరు చెప్పినప్పుడు. మన పేరు మీద వచ్చిన ఆ పేటెంట్ హక్కులన్నీ కంపెనీవే కాబట్టి, రేపు కంపెనీ మూతపడితే వాటిని ఎవరు కొనుక్కుంటారో, ఎవరి మీద దావా వేస్తారో మనం అడగం. ఇలా అడిగే పని ముప్పై ఏళ్ళకి పైగా కొన్ని చిన్న నాన్‌ప్రాఫిట్ సంస్థలు చేస్తున్నాయి. వాళ్ళకి మనం డబ్బూ టైమూ ఇవ్వాలి, వాళ్ళతో గొంతు కలపాలి అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు అసలు గొడవేమిటో చెప్తాను. మీరు రాసిన కోడ్‌ని ఎవరూ ఎత్తుకుపోకుండా కాపీరైట్ ఉంది, దానికి అప్లికేషన్ కూడా అక్కర్లేదు, రాసిన క్షణం నుంచే వస్తుంది. పేటెంట్ అలాంటిది కాదు. అది ఒక పనిని ఫలానా పద్ధతిలో చెయ్యడం మీద హక్కు, అప్లై చేసిన రోజు నుంచి 20 ఏళ్ళు ఉంటుంది. ఆ పేటెంట్ ఉందని కూడా తెలియకుండా మీ అంతట మీరే ఆలోచించి, ప్రతి లైనూ మీరే రాసుకున్నా సరే, మీ ప్రోగ్రామ్ ఆ పద్ధతిలో నడిస్తే ఉల్లంఘించినట్టే లెక్క. నేను కాపీ కొట్టలేదండీ అంటే కోర్టు వినదు. పొలానికైతే సర్వే నంబరుంటుంది, గట్టుంటుంది, పక్కవాడి భూమిలో కాలు పెట్టామో లేదో చూస్తే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ పేటెంట్‌లో హక్కు దేని మీదో చెప్పే క్లెయిమ్స్ అనే భాగం ఎన్నిసార్లు చదివినా, దావా పడి జడ్జి ఆ మాటలకి అర్థం చెప్పేదాకా హద్దు ఎక్కడుందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు.

పోనీ ముందే చదివి జాగ్రత్తపడదామా అంటే, చాలా కంపెనీల్లో లీగల్ వాళ్ళు ఇంజనీర్లకి చెప్పేది పేటెంట్లు చదవొద్దనే. తెలిసి ఉల్లంఘించారని తేలితే అమెరికా చట్టం ప్రకారం నష్టపరిహారం మూడింతల దాకా పెంచొచ్చు, అందుకని. కొత్త విషయాన్ని లోకానికి వివరంగా చెప్పినందుకు ప్రతిఫలంగా ఇచ్చే హక్కు కదా పేటెంట్ అంటే, మరి ఆ వివరాన్ని ఆ రంగంలో పనిచేసేవాళ్ళే చదవకూడని పరిస్థితి వచ్చిందంటే ఆ ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌కి పనికిరాదని తేలిపోయినట్టే కదా. మందుల విషయం వేరు, అక్కడ ఒక మందుని కాపాడేవి మామూలుగా కొన్ని పేటెంట్లే, అవి దేని మీదో కూడా చాలావరకు స్పష్టంగానే ఉంటుంది. ఒక మామూలు యాప్‌లో అయితే చిన్నాపెద్దా ఐడియాలు వందల్లో ఉంటాయి, వాటిలో ఏది ఎవరి పేటెంట్ కిందకొస్తుందో వెతకడం ఏ చిన్న టీమ్‌కీ సాధ్యమయ్యే పని కాదు.

అమెజాన్ వన్‌క్లిక్ కథ మీకు తెలిసే ఉంటుంది. ఒక్క క్లిక్కుతో ఆర్డర్ చెయ్యడం మీద 1999 సెప్టెంబరులో పేటెంట్ వచ్చింది, అక్టోబరులో పుస్తకాలమ్మే బార్న్స్ అండ్ నోబుల్ మీద కేసు, క్రిస్మస్ అమ్మకాలు జోరుగా సాగే డిసెంబరులో ఆ పద్ధతి వాడొద్దని కోర్టు ఇంజంక్షన్. పై కోర్టు 2001లో ఆ ఇంజంక్షన్ కొట్టేసింది కానీ ఆ సీజన్ తిరిగిరాదు కదా. ఆ పేటెంట్ 2017 దాకా బతికింది. అప్పుడు అమెజాన్‌ని బహిష్కరించమని పిలుపిచ్చింది ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, దాన్ని పెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ అంతకు పదేళ్ళ ముందే, 1989లో, సాఫ్ట్‌వేర్ పేటెంట్లకి వ్యతిరేకంగా లీగ్ ఫర్ ప్రోగ్రామింగ్ ఫ్రీడమ్ అని ఇంకో సంస్థ కూడా మొదలుపెట్టాడు. ఇది కొద్దిమంది ఆదర్శవాదుల గోల అనుకోకండి. ఇప్పటి ఐడియాలు పుట్టిన రోజుల్లోనే జనం పేటెంట్లు తీసుకుని ఉంటే పరిశ్రమ ఈపాటికి ఆగిపోయి ఉండేదని 1991లో తన కంపెనీ లోపలి మెమోలో రాసింది సాక్షాత్తూ బిల్ గేట్స్. అయితే ఆయన చూసుకున్న పరిష్కారం వీలైనన్ని పేటెంట్లు తామే తీసుకోవడం. అది ఆయనకి కుదిరింది, ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే కంపెనీకి ఎలా కుదురుతుంది?

ఈ సంస్థలు నిజంగా ఏం సాధించాయి అని అడిగేవాళ్ళకి పాడ్‌కాస్ట్ కేసు చెప్పాలి. పర్సనల్ ఆడియో అని ఒక కంపెనీ, 1990లలో పత్రికల్లో వ్యాసాలు చదివించి క్యాసెట్ల మీద అమ్మింది, ఆ వ్యాపారం నడవలేదు. 2012లో దానికొక పేటెంట్ వచ్చింది, మూలం 1996 నాటి అప్లికేషన్, ఎపిసోడ్లు ఎపిసోడ్లుగా ఇంటర్నెట్‌లో పెట్టడం మొత్తం తమదే అని వాదించడం మొదలుపెట్టారు. పాడ్‌కాస్టర్లకి లైసెన్స్ కట్టమని లెటర్లు వెళ్ళాయి, కొందరి మీద కేసులు పడ్డాయి. ఒక మైకు పెట్టుకుని ఇంట్లో రికార్డు చేసుకునే మనిషికి అలాంటి లెటర్ వస్తే ఎంత టెన్షనో ఊహించండి, పేటెంట్ కేసు ట్రయల్ దాకా నడపడానికి లాయర్ ఫీజులు మిలియన్ డాలర్లు దాటుతాయి మరి. అప్పుడు డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, అందరూ ఈఎఫ్ఎఫ్ అంటారు, జనాన్ని 30,000 డాలర్లు అడిగింది, అంతకు మించే వచ్చాయి. ఆ డబ్బుతో 2013 అక్టోబరులో పేటెంట్ ఆఫీసులోనే ఆ పేటెంట్‌ని సవాలు చేశారు. ఈలోగా 2014లో టెక్సస్‌లో ఒక జ్యూరీ టీవీ సంస్థ సీబీఎస్‌ని 13 లక్షల డాలర్లు కట్టమంది. కానీ 2015 ఏప్రిల్‌లో పేటెంట్ ఆఫీసులోని బోర్డు, సీఎన్ఎన్, కెనడా సీబీసీ రేడియో 1996కి ముందే ఈ పని ఇంటర్నెట్‌లో చేశాయని పాత రికార్డులు చూసి ఆ క్లెయిమ్స్ చెల్లవని తేల్చింది. పై కోర్టు 2017లో అదే మాట ఖాయం చేసింది, 2018లో సుప్రీంకోర్టు అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. ఇవాళ తెలుగులో ఇన్ని పాడ్‌కాస్టులు ఏ లెటరూ రాకుండా నడుస్తున్నాయంటే అందులో ఆ చిన్న చిన్న చందాలిచ్చినవాళ్ళ పాత్ర ఉంది.

గ్నోమ్ ఫౌండేషన్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే ఈ నాన్‌ప్రాఫిట్ మీద 2019లో రాత్‌షీల్డ్ పేటెంట్ ఇమేజింగ్ అనే కంపెనీ కేసు వేసింది, షాట్‌వెల్ అనే ఫోటోల ప్రోగ్రామ్ తమ పేటెంట్‌ని ఉల్లంఘిస్తోందని. ఇలాంటివాళ్ళు మామూలుగా ఆశించేది, కేసు ఖర్చుకంటే తక్కువకి సెటిల్ చేసుకుంటారని. గ్నోమ్ వాళ్ళు ఒప్పుకోలేదు. 4,000 మందికి పైగా కలిసి లక్షన్నర డాలర్ల పైన ఇచ్చారు, ఒక పెద్ద లా ఫర్మ్ ఫీజు తీసుకోకుండా వాదించింది. 2020 మేలో రాజీ కుదిరింది, గ్నోమ్ ఏమీ చెల్లించలేదు, పైగా ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టే లైసెన్స్ కింద ఉన్న ఏ సాఫ్ట్‌వేర్ మీదా తమ పేటెంట్లతో కేసు వెయ్యమని అవతలి పక్షం రాసిచ్చింది. మంచి ఫలితమే. కానీ ఓపెన్ సోర్స్ కాని చిన్న యాప్ రాసుకుని అమ్ముకునేవాడికి ఆ రాజీ వల్ల రక్షణ రాలేదు, అప్పటికి ఆ పేటెంట్ ఇంకా బతికే ఉంది. అది రద్దయింది 2022లో, ఓపెన్ సోర్స్ తరఫున ఒక లాయర్ పట్టుబట్టి మళ్ళీ పరిశీలించమని పేటెంట్ ఆఫీసుని అడగబట్టి.

ఒక్కో పేటెంట్‌ని ఇలా ఏళ్ళ తరబడి కొట్టుకుంటూ పోతే ఎప్పటికి తెములుతుంది? నా అభిప్రాయంలో చట్టం మీద పోరాటమే ముఖ్యం, అక్కడే ఈ సంస్థల గొప్పతనం కనిపిస్తుంది. యూరప్‌లో 2002లో సాఫ్ట్‌వేర్ పేటెంట్లకి తలుపు తీసే డైరెక్టివ్, అంటే సభ్యదేశాలన్నీ అమలు చెయ్యాల్సిన చట్టం, ఒకటి ప్రతిపాదించారు. పెద్ద కంపెనీలు చాలావరకు దాని వెనకే. ఎదురు నిలిచింది మ్యూనిక్‌లో 1999లో మొదలైన ఎఫ్ఎఫ్ఐఐ అనే సంఘం, ఎక్కువగా వాలంటీర్లే, ప్రోగ్రామర్లు లీవు పెట్టుకుని బ్రస్సెల్స్ వెళ్ళి పార్లమెంటు సభ్యులకి ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి చెప్పారు. 2004 డిసెంబరులో ఆ డైరెక్టివ్‌ని చర్చ లేకుండా దాటించెయ్యడానికి వ్యవసాయ, మత్స్య శాఖల మంత్రుల సమావేశం అజెండాలో పెట్టారు, చేపల కోటాల పక్కన సాఫ్ట్‌వేర్ పేటెంట్లు! పోలండ్ ప్రతినిధి లేచి దాన్ని అజెండా నుంచి తీసేయించాడు. చివరికి 2005 జులై 6న యూరప్ పార్లమెంటు 648 ఓట్లతో దాన్ని తిరస్కరించింది, అనుకూలంగా పడ్డవి 14. యూరప్ పేటెంట్ ఆఫీసు ఇప్పటికీ వేరే మాటల్లో రాసిన సాఫ్ట్‌వేర్ పేటెంట్లు ఇస్తూనే ఉంది, ఆ సమస్య తీరలేదు, కానీ దానికి చట్టం ముద్ర మాత్రం పడలేదు.

ఇండియాలోనూ ఇదే యుద్ధం నడిచింది, మనలో ఎక్కువమందికి తెలియనే తెలియదు. అక్కడి పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతులకీ, వ్యాపార పద్ధతులకీ, అల్గారిథమ్‌లకీ, కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్ అయినదానికీ పేటెంట్ లేదు. 2004 డిసెంబరు ఆర్డినెన్సులో దీన్ని సడలించారు, వామపక్షాలూ ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంఘాలూ గొడవ చేస్తే 2005లో పార్లమెంటు చట్టం చేసినప్పుడు ఆ సడలింపు పోయింది. పదేళ్ళకి మళ్ళీ, 2015 ఆగస్టులో, ఈసారి చట్టం జోలికి పోకుండా పేటెంట్ ఆఫీసు గైడ్‌లైన్స్ రూపంలో వచ్చింది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎస్ఎఫ్ఎల్‌సీ డాట్ ఇన్ లాంటి సంస్థలు ప్రధానమంత్రి కార్యాలయానికి రాశాయి, డిసెంబరులో ఆ గైడ్‌లైన్స్ ఆపేశారు, 2016 ఫిబ్రవరిలో కొత్త హార్డ్‌వేర్ కూడా ఉండాలనే షరతుతో మళ్ళీ రాశారు. 2017లో ఆ షరతు తీసేశారు. చూశారా, గెలిచామనుకుని ఇళ్ళకి పోయిన ప్రతిసారీ అవతలివాళ్ళు ఇంకో దారిలో వస్తున్నారు, ఎందుకంటే వాళ్ళకి అదే ఉద్యోగం, జీతం తీసుకుని చేసే పని. ఇటువైపు ఉన్నవాళ్ళు చందాల మీద నడుస్తున్నారు.

స్టార్టప్ పెట్టుకున్న మిత్రులు నాతో వాదిస్తారు, పేటెంట్ లేకపోతే పెట్టుబడి పెట్టేవాళ్ళు నమ్మరు, పెద్ద కంపెనీ వచ్చి మా ఐడియా లాగేసుకుంటుంది అని. వాళ్ళ భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారెయ్యను. కానీ వేల పేటెంట్లున్న కంపెనీ మీద మీరు ఒక్క పేటెంట్‌తో వెళ్తే, వాళ్ళు తమ వేలల్లోంచి ఓ పది తీసి తిరిగి మీమీదే వేస్తారు. ఏ ఉత్పత్తీ లేకుండా కేవలం దావాల మీద బతికే కంపెనీ మీదకొస్తే మీ పేటెంట్ అసలు పనికేరాదు, వాళ్ళు ఏమీ తయారుచెయ్యరు కాబట్టి వాళ్ళు ఉల్లంఘించేదంటూ ఏమీ ఉండదు. ఇంకో విమర్శ, ఈ నాన్‌ప్రాఫిట్లకి కూడా పెద్ద టెక్ కంపెనీల డబ్బు వస్తుందని. కొన్నిటికి వస్తుంది, అది నాకూ ఇష్టం లేదు. మనలాంటివాళ్ళు ఏడాదికి ఓ యాభై డాలర్లు ఇచ్చేవాళ్ళు ఎంత పెరిగితే వాళ్ళకి ఆ డబ్బు అవసరం అంత తగ్గుతుంది, నాకు తోచిన మందు ఇదే.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, అమెరికాలో 2014లో ఆలిస్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఏకాభిప్రాయంతో చెప్పిన మాట, ఒక నైరూప్యమైన ఐడియాని మామూలు కంప్యూటర్ మీద నడిపినంత మాత్రాన పేటెంట్ రాదు అన్నది, దాన్ని తిప్పెయ్యడానికి పేటెంట్ ఎలిజిబిలిటీ రెస్టోరేషన్ యాక్ట్ అనే బిల్లు 2022 నుంచి మళ్ళీ మళ్ళీ సెనేట్‌కి వస్తోంది. పాడ్‌కాస్ట్ పేటెంట్‌ని పడగొట్టిన ఆ సవాలు దారి, ఇంటర్ పార్టెస్ రివ్యూ, 2011 చట్టంతో వచ్చింది, పేటెంట్ ఓనర్ కాని ఎవరైనా వాడుకోవచ్చు. దాన్ని బాగా ఇరుకు చేసే రూల్స్ పేటెంట్ ఆఫీసు 2025 అక్టోబరులో ప్రతిపాదించింది. వాటి ప్రకారం ఒకసారి ఎవరో సవాలు చేసి ఓడిపోతే, తర్వాత బలమైన ఆధారం దొరికినవాడికి కూడా ఆ దారి దాదాపు మూసుకుపోతుంది.

ఇలాంటి రూల్స్ వచ్చినప్పుడు రెగ్యులేషన్స్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా కామెంట్ పెట్టొచ్చు. సిటిజన్ అయ్యుండక్కర్లేదు, హెచ్‌వన్ వీసా మీద ఉన్నా ఫర్వాలేదు, ఓటు లేని మనకి ఈ దేశంలో చట్టాల మీద మాట చెప్పే దారి ఇది ఒకటుంది, దాన్ని మనం వాడుకోవడం లేదు. ఈఎఫ్ఎఫ్ లాంటి సంస్థలు ఏం రాయాలో వివరంగా పెడతాయి, కానీ అది కాపీ చెయ్యకండి, మీ పనిలో మీకు తెలిసింది రాయండి, కంపెనీ పేరు పెట్టకుండా మీ సొంత హోదాలో. పాతికేళ్ళ కిందటి మెయిన్‌ఫ్రేమ్ కోడ్, మాన్యువల్స్, ట్రైనింగ్ నోట్స్ దాచుకున్న పెద్దవాళ్ళు మన సంఘంలో ఉన్నారు, ఫలానా పద్ధతి అప్పటికే వాడుకలో ఉందని చూపించడానికి పబ్లిక్‌గా అచ్చయిన అలాంటి మాన్యువల్స్ దొరకడమే ఈ కేసుల్లో కష్టం. పారెయ్యకండి. మీ కంపెనీలో డొనేషన్ మ్యాచింగ్, అంటే మీరిచ్చిన చందాకి కంపెనీ కూడా కొంత కలిపే ఏర్పాటు, ఉంటే ఈ సంస్థలకి అది వర్తిస్తుందేమో చూడండి, చాలావాటికి వర్తిస్తుంది.

సంఘం కార్యవర్గానికి నాదొక విన్నపం. మన మహాసభల్లో ఐటీ ఫోరమ్ అని ప్రతిసారీ ఒక పూట పెడతారు, స్టార్టప్ పిచ్‌లూ ఏఐ ప్రసంగాలూ ఉంటాయి. వచ్చేసారి అందులో ఒక గంట ఈ సంస్థల్లో పనిచేసే ఒక లాయర్‌కి ఇవ్వండి, సభలోనే ల్యాప్‌టాప్‌లు పెట్టి, ఆ నెలలో ఏ రూల్ మీద అభిప్రాయాలు అడుగుతున్నారో దాని మీద అక్కడికక్కడే జనం చేత కామెంట్లు రాయిద్దాం. ల్యాప్‌టాప్‌లు నేను తెస్తాను, రాయడానికి సాయం చెయ్యడానికి నాతో కూర్చునేవాళ్ళు కావాలి.