పోయిన చోటే వెతుక్కోవాలా?

మొన్న మన సంఘం విరాళాల పోకర్ రాత్రి, అసలు పోటీ ముగిశాక వేసిన క్యాష్ టేబుల్ (చిప్స్‌కు నేరుగా డబ్బు విలువుండే ఆట) దగ్గర జరిగింది చాలామంది చూశారు. ఒక సభ్యుడి చేతిలో ఆసుల జత, ఎదుటాయన చేతిలో రాజుల జత. ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) పడకముందే ఇద్దరూ ఆల్ ఇన్, అంటే ముందున్న చిప్స్ అన్నీ పెట్టేశారు. రివర్‌లో (చివరి, ఐదో ముక్కగా) రాజు పడి రాజుల చేయే గెలిచింది. అది ఆటలో ఉన్నదే. మనసు చివుక్కుమన్నది తర్వాత జరిగినదానికి. ఆసులతో ఓడినాయన లేవబోతుంటే "పోయిన చోటే వెతుక్కోవాలి బావా, కూర్చో" అంటూ చుట్టూ ఉన్నవాళ్లే చిప్స్ అప్పిచ్చి కూర్చోబెట్టారు. గంట తిరక్కుండా ఇంకో రెండు బై-ఇన్‌లు (ఆటలో కూర్చోవడానికి కొనే చిప్స్) అయిపోయాయి.

ఆ మొదటి హ్యాండ్‌లో (పంపకంలో) ఆయన తప్పేమీ లేదు. రాజుల మీద ఆసులు నూటికి 82 సార్లు గెలుస్తాయి, మిగతా 18 సార్లు ఓడతాయి. ఈ లెక్క అందరికీ తెలుసు. అయినా లైవ్ ఆటలో, అంటే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఆడేటప్పుడు, దెబ్బ గట్టిగా తగలడానికి కారణం ఉంది. గంటకు పడేవి 25, 30 హ్యాండ్‌లు. ఆసుల జత సగటున 221 హ్యాండ్‌లకోసారి వస్తుంది, అంటే ఏడు నుంచి తొమ్మిది గంటలకోసారి. అంతసేపు ఫోల్డ్ చేస్తూ (ముక్కలు పారేస్తూ) ఎదురుచూసిన హ్యాండ్ పోయేసరికి, రావలసిన సొమ్మేదో ఎవరో లాక్కున్నట్టు అనిపిస్తుంది. పైగా ఆ చిప్స్ పేర్చుకుంటున్న మనిషి కళ్లెదుటే కూర్చుని ఉంటాడు.

టిల్ట్ (ఆటలో అదుపు తప్పడం) అంటే చిప్స్ విసిరికొట్టడం, అరవడం అనుకుంటాం. ఎక్కువ డబ్బు పోయేది అక్కడ కాదు. మొదట్లోనే మాట్లాడాల్సిన సీట్లో కూర్చుని, మామూలుగా పారేసే ఆసు-తొమ్మిదితో కాల్ చేయడం (ఎదుటి పందెమంత పెట్టడం) దగ్గర మొదలవుతుంది. ఆ తర్వాత పాట్ (బల్ల మధ్య పోగైన పందెం) ఎంతుందో చూడకుండా చిప్స్ తోస్తాడు. తన వంతు రాకముందే మాట్లాడతాడు. రైజ్ (పందెం పెంచుతున్నా) అని నోటితో చెప్పకుండా ఒక్క పెద్ద చిప్ ముందుకేస్తాడు. చాలా చోట్ల అది కాల్‌గానే లెక్క. పక్కవాళ్లు మనిషి ముఖం చూస్తారు గానీ చేతుల్లో ఈ తొందరను గమనించరు. వరసగా రెండు పాట్‌లు గెలిచినవాడికీ ఇదే తొందర వస్తుంది, దాన్నెవరూ టిల్ట్ అనరు.

కోపంలో కాల్ ఎలా తప్పుతుందో చూడండి. పాట్‌లో 100 ఉంది, ఎదుటాయన 50 కాశాడు. మీరు 50 పెట్టి 150 గెలవాలి, అంటే నూటికి కనీసం 25 సార్లు గెలవాలి. మీ చేతిలో రెండు ఇస్పేట్లు, బల్ల మీద రెండు, టర్న్ (నాలుగో ముక్క) అయిపోయింది; ఇంకో ఇస్పేటు పడితేనే మీకు ఐదు ఇస్పేట్లై గెలుస్తారు. మీకు కనబడని ముక్కలు 46, వాటిలో ఇస్పేట్లు 9. నూటికి 20 సార్లు కూడా పడవు. ఇస్పేటు పడితే రివర్‌లో ఆయన ఇంకా గట్టిగా డబ్బు పెడతాడన్న నమ్మకం లేకపోతే అది ఫోల్డే. స్థిమితంగా ఉన్నప్పుడు ఈ లెక్క ఐదు సెకన్లలో తేలుతుంది. వేడెక్కిన బుర్రకు లెక్క గుర్తుండదు, ఎదుటాయన ముఖం గుర్తుంటుంది.

అందుకే ప్రతి నిర్ణయానికీ ఒకటే వరస పెట్టుకోవాలి: పాట్ ఎంత, ఎదుటివాడి దగ్గర మిగిలింది ఎంత, నా వంతు ముందా వెనకా, ఈ హ్యాండ్‌లో అతను ఇంతవరకు ఏం చేశాడు. ఆ తర్వాతే నోరు తెరవాలి, ఆ తర్వాతే చేయి కదపాలి. సులువైన ఫోల్డ్‌కైనా ఇదే వరస పాటిస్తే, కష్టమైన చోట అది దానంతటదే వస్తుంది.

లేచి వెళ్లడానికీ పద్ధతుంది. బిగ్ బ్లైండ్ (ముక్కలు చూడకముందే వంతులవారీగా తప్పనిసరిగా పెట్టే పెద్ద పందెం) మీ దాకా రాకముందే లేవండి. తొమ్మిది మంది టేబుల్‌లో ఒక చుట్టు తిరగడానికి సుమారు 18 నిమిషాలు పడుతుంది. మళ్లీ మీ బిగ్ బ్లైండ్ వేళకు వచ్చి కూర్చుంటే దాదాపు ఎక్కడైనా అదనంగా కట్టేదేమీ ఉండదు. ఆ 18 నిమిషాలు ఫోన్ చూడకుండా నడవండి, నీళ్లు తాగండి, పోయిన హ్యాండ్ కథ ఎవరికీ చెప్పకండి. చెప్పినకొద్దీ కోపం తాజాగానే ఉంటుంది. నష్టం హద్దు ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకోవాలి: 100 బిగ్ బ్లైండ్‌ల బై-ఇన్‌లు రెండు, అంతే. బల్ల దగ్గర కూర్చున్నాక పెట్టుకునే హద్దు జరుగుతూనే ఉంటుంది.

మనలో చాలామంది రమ్మీ నుంచి వచ్చినవాళ్లం. అక్కడ మొదటి డ్రాప్‌కు 20 పాయింట్లు, మిడిల్ డ్రాప్‌కు 40, ఫుల్ కౌంట్ అయినా 80; ముక్కలు బాగా లేకపోయినా నష్టానికి కప్పు ఉంది. నో-లిమిట్ పోకర్‌లో, పందేనికి హద్దు లేదు కనక, ముందున్న చిప్స్ అన్నీ ఒక్క హ్యాండ్‌లో పోవచ్చు. కానీ బ్లైండ్‌లో లేనప్పుడు మొదటి ఫోల్డ్‌కు ఒక్క చిప్ కూడా ఖర్చు కాదు. డ్రాప్‌కు కట్టడం అలవాటైన మనం ఈ ఉచితాన్ని వాడుకోం.

నలుగురం సరదాగా కలిసే ఆటకు ఇన్ని కట్టుబాట్లెందుకు అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో న్యాయముంది, ఆ రాత్రి అందరూ నవ్వుతూ కూర్చోవాలనే నేనూ కోరుకుంటాను. కానీ అప్పు చిప్స్‌తో ఆడేవాడికి సరదా మిగలదు. గెలిచి లేచినవాణ్ని "డబ్బు మూటగట్టుకుని పోతున్నాడు" అనడం మానేద్దాం; ఎప్పుడు లేస్తాడో ముందే చెప్పినవాణ్ని అదే వేళకు సాగనంపుదాం. కార్యవర్గాన్ని వేడుకునేది ఇంతే: వచ్చేసారి టేబుల్ మీద అప్పులు వద్దు, రీబై (చిప్స్ మళ్లీ కొనడం) ఒక్కసారికి మించొద్దు, గంటన్నరకోసారి పది నిమిషాలు అందరూ లేవాలి. ఈ మూడూ పేర్ల నమోదు కాగితం మీదే అచ్చు వేయించండి.