స్కూబా స్కూలును మీరే ఎంచుకోండి, ట్రావెల్ ఏజెంటుకు వదిలేయకండి

తిరుపతిలో అండమాన్ ప్యాకేజీ కరపత్రం ఏది చూసినా ఒకటే వరస. విమానం టికెట్లు, హోటలు, ఓడ ప్రయాణం, ఉదయం టిఫిను, అన్నిటికంటే కింద ఎర్రటి అక్షరాల్లో 'స్కూబా డైవింగ్ ఉచితం, వీడియో కూడా ఉచితం'. స్కూబా అంటే వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగడం. గదిలో ఏసీ ఉంటుందా, శాకాహార భోజనం దొరుకుతుందా అని ఏజెంటును గుచ్చి గుచ్చి అడిగే మన వాళ్లు, సముద్రంలోకి దిగాక తమ ప్రాణం ఎవరి చేతిలో ఉంటుందో మాత్రం అడగరు. ఏ స్కూలు, నేర్పేది ఎవరు, ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ ఎంతమందిని తీసుకుని దిగుతాడు, ఇవేవీ తెలియకుండానే డబ్బు కట్టేస్తారు. కొత్తగా పెళ్లయిన జంటలదీ, పిల్లలకు సెలవులని బయలుదేరే కుటుంబాలదీ ఇదే తీరు. చాలా కాలంగా దీని మీద రాయాలని ఉంది. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

డైవింగ్ అంటే నాకు ప్రాణం. కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను, వీలు చిక్కినప్పుడల్లా వెళ్తుంటాను. ఎవరినీ భయపెట్టి ఆపాలని ఇది రాయడం లేదు. జాగ్రత్తగా నేర్పేవారి దగ్గర పదేళ్ల పిల్లలు కూడా దిగవచ్చు. అయితే మంచి స్కూలును ఫొటోలను బట్టీ ధరను బట్టీ గుర్తుపట్టలేం. అది ఎవరికి, ఎప్పుడు 'వద్దు' అని చెబుతుందో చూడాలి. వచ్చిన వాళ్లందరినీ దింపేసే స్కూలు ఎంత పేరున్నదైనా నేను నమ్మను.

ముందు మనం కొంటున్నది ఏమిటో తెలుసుకోవాలి. అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో (2018 డిసెంబరు నుంచి దాని అధికారిక పేరు స్వరాజ్ ద్వీప్) పర్యాటకులకు అమ్మేది చాలావరకు పరిచయ డైవ్. గట్టు మీద కాసేపు చెప్పి, నడుములోతు నీళ్లలో సాధన చేయించి, తర్వాత ఇన్‌స్ట్రక్టర్ వెంట ఉండి దింపుతారు. పాడి అనే అంతర్జాతీయ శిక్షణ సంస్థ నిబంధనల ప్రకారం ఈ డైవ్‌లో 12 మీటర్లకు మించి దిగకూడదు, కనీస వయసు పదేళ్లు. ఓపెన్ వాటర్ కోర్సు సంగతి పూర్తిగా వేరు. పాఠాలు, పరీక్ష, లోతులేని నీళ్లలో సాధన, ఆపై సముద్రంలో నాలుగు డైవ్‌లు ఉంటాయి. మూడు నాలుగు రోజులు పడుతుంది. అది పూర్తయ్యాక 18 మీటర్ల వరకు మరో డైవర్‌తో కలిసి వెళ్లే అర్హత వస్తుంది. ప్యాకేజీలో ఒక పూట జరిగే దాన్ని 'కోర్సు' అని అమ్మే ఏజెంటు అబద్ధం చెబుతున్నాడు. అంతే.

ఆ నడుములోతు నీళ్ల సాధన ఉంది చూశారా, స్కూలు అసలు రంగు బయటపడేది అక్కడే. మాస్కులోకి నీరు వస్తే ముక్కుతో గాలి ఊది బయటకు పంపడం, నోట్లోని రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) జారితే మళ్లీ అందుకుని పెట్టుకోవడం, చెవుల్లో ఒత్తిడి సర్దుకోవడం, ఈ మూడూ మీకు నిదానంగా వచ్చేదాకా లోతుకు తీసుకెళ్లకూడదు. చెవుల సంగతి మన తిరుపతి వాళ్లకు సులభంగా అర్థమవుతుంది. తిరుమల నుంచి ఘాట్ రోడ్డులో దిగుతుంటే బస్సులో చెవులు దిబ్బడ వేస్తాయి కదా. కొండకూ కిందికీ మధ్య గాలి ఒత్తిడిలో వచ్చే ఆ తేడా సముద్రంలో మీటరు లోతు కూడా దిగకముందే వచ్చేస్తుంది. బస్సులో అరగంటకు పైగా పట్టేది నీళ్లలో కొన్ని క్షణాల్లో జరిగిపోతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి నెట్టి, చెవులు తేలికపడ్డాకే ఇంకో అడుగు దిగాలి. ఇన్‌స్ట్రక్టర్ తొందరపడి కిందికి లాగితే కర్ణభేరి దెబ్బతింటుంది. జలుబు ఉంటే ముక్కు నుంచి చెవుల్లోకి గాలి సరిగా వెళ్లదు. కాబట్టి జలుబుతో వచ్చిన మనిషిని మంచి స్కూలు దింపదు, వెనక్కి పంపేస్తుంది. 'మాత్ర వేసుకోండి, ఏం కాదు' అన్నారంటే లేచి వచ్చేయండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఊపిరి. నీళ్లలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ నిండుగా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వచ్చేస్తే, ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది, ఊపిరితిత్తులు తట్టుకోలేవు. భయపడిన మనిషి సహజంగా చేసేది ఊపిరి బిగబట్టడం, పైకి ఎగబాకడం. ఈ రెండిటినీ మాన్పించడమే మొదటి పాఠం. దాన్ని మీకు బాగా అర్థమయ్యే భాషలో చెప్పాలి. వచ్చీరాని హిందీలో పది నిమిషాలు చెప్పి తల ఊపించుకుంటే సరిపోదు. అండమాన్‌లో తెలుగు వాళ్లు చాలా మంది ఉన్నారు. తెలుగు వచ్చిన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారా అని ముందే అడగడంలో తప్పు లేదు.

సైగలు కూడా పక్కాగా నేర్పాలి. మనం 'బాగుంది' అనడానికి బొటనవేలు పైకెత్తి చూపిస్తాం. నీళ్లలో ఆ సైగకు 'పైకి వెళ్దాం' అని అర్థం. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఇది గట్టు మీద పదిసార్లు చేయించని వాళ్లు లోపల మీ ఇబ్బందిని ఎలా తెలుసుకుంటారు?

ఇప్పుడు నాకు బాగా మండే విషయానికి వస్తాను. దిగే ముందు ఆరోగ్యం గురించి ఒక పత్రం నింపమంటారు. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషను, గర్భం, వాడుతున్న మందులు, అన్నీ అందులో అడుగుతారు. ఎక్కువగా ఇంగ్లిషులో ఉంటుంది. 'అన్నిటికీ నో పెట్టేయండి, లేకపోతే దింపరు' అని ఇక్కడే, తిరుపతిలోనే, డబ్బు తీసుకుంటూ చెప్పే ఏజెంట్లు ఉన్నారు. మా వీధిలో ఒక అక్కకు ఇదే జరిగింది. ఆమెకు ఆస్తమా. ఏజెంటు చెప్పినట్టే అన్నిటికీ నో పెట్టారు. అక్కడ స్కూల్లో ఒక అమ్మాయి ఆమె చేతిసంచిలో ఇన్‌హేలర్ చూసి, పక్కకు పిలిచి మళ్లీ అడిగింది. విషయం తెలిశాక దింపడానికి ఒప్పుకోలేదు. వైద్యుడి అనుమతి కాగితం తెచ్చుకుని మరోసారి రండి అని చెప్పి డబ్బు తిరిగి ఇచ్చేసింది. ఇంటికొచ్చాక ఆ కుటుంబమంతా స్కూలును తిట్టింది, యాత్ర పాడైందని. వాళ్ల ముఖం మీదే చెప్పాను, ఆ అమ్మాయికి మీరు దండం పెట్టాలని. ఇప్పటికీ ఎవరు అడిగినా ఆ స్కూలు పేరే చెబుతాను.

ఆ పత్రాన్ని ఇంటి దగ్గరే తెప్పించుకోండి. ఇంట్లో ఇంగ్లిషు చదవగలిగిన వాళ్లను కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్న తెలుగులో చెప్పించుకోండి. ఒక్కదానికి 'అవును' అని వచ్చినా ఇక్కడే వైద్యుణ్ని కలవండి. దీవిలో దిగాక, పడవ బయలుదేరే ముందు చేసే పని కాదది.

ఎంతమందికి ఒక ఇన్‌స్ట్రక్టర్? పాడి పరిచయ డైవ్‌లో సముద్రంలో ఒకరికి నలుగురి దాకా అనుమతిస్తుంది. అది గరిష్ఠం మాత్రమే. మొదటిసారి దిగేవారికి ఒకరికి ఒకరు ఉండాలని నా గట్టి అభిప్రాయం. కెమెరా విషయంలో అయితే అస్సలు రాజీపడను. మిమ్మల్ని పట్టుకున్న మనిషే వీడియో తీయకూడదు. ఒక చేత్తో కెమెరా, ఒక చేత్తో మీరు, కళ్లు స్క్రీన్ మీద. మీ కళ్లలో భయాన్ని అతను ఎప్పుడు చూస్తాడు? వీడియో కావాలంటే దానికి వేరే మనిషి దిగాలి, అందుకు డబ్బు అడిగితే ఇవ్వండి.

ఆడవాళ్లు మొహమాటపడి అడగని సంగతి ఒకటుంది. నీళ్లలో ఇన్‌స్ట్రక్టర్ మీ భుజాల దగ్గర పట్టీలు పట్టుకోవాలి, బెల్టు సర్దాలి, దగ్గరగా ఉండాలి. మహిళా ఇన్‌స్ట్రక్టర్ కావాలనుకుంటే బుకింగ్ రోజే చెప్పండి. బట్టలు మార్చుకునే గది గురించి కూడా అడగండి. అమ్మలు, అత్తలు ఈ ఒక్క సంకోచంతోనే గట్టున కూర్చుండిపోవడం చూస్తే బాధేస్తుంది. కళ్లద్దాలు వాడేవాళ్లకు పవర్ ఉన్న మాస్కులు ఉంటాయి. గుబురు మీసం ఉంటే మాస్కు కారుతుంది, నాలుగైదు మార్చి చూసి సరిపోయేది ఇవ్వాలి.

ఈత రాకపోయినా పరవాలేదన్న ప్రకటన పరిచయ డైవ్ వరకు నిజమే. కానీ కోర్సుకు 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్లలో తేలాలి. చిత్తూరు పల్లెల్లో ఒకప్పుడు పిల్లలు నడుముకు బెండ్లు కట్టుకుని మామిడితోట బావుల్లో ఈత నేర్చుకునేవారు. బోర్లు వచ్చాక ఆ బావులు ఎండిపోయాయి, ఈత కూడా పోయింది. ఇప్పటి మన పిల్లలకు సముద్రమే మొదటి లోతైన నీరు అవుతోంది. వెళ్లే ముందు రెండు మూడు నెలలు ఊళ్లో ఈతకొలనుకు వెళ్లండి. ముఖం నీళ్లలో పెట్టి నెమ్మదిగా ఊపిరి వదలడం అలవాటైతే సగం భయం అక్కడే పోతుంది.

విమానం సంగతి ఏజెంటు చెప్పడు. నీళ్లలో ఒత్తిడి వల్ల శరీరంలోకి ఎక్కువ నైట్రోజన్ చేరుతుంది, అది మెల్లగా బయటకు పోవాలి. ఈలోపే ఎత్తుకు వెళ్తే బుడగలు కట్టి కీళ్లకు, నరాలకు ముప్పు. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదన్నది డైవర్ల భద్రతా సంస్థల సూచన. ఇది సుమారు 600 మీటర్లకు మించిన కొండలకు కూడా వర్తిస్తుంది. ఇక్కడే మనకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఈమధ్య చాలామంది పుదుచ్చేరిలో డైవింగ్ చేస్తున్నారు. ఉదయం సముద్రం, మధ్యాహ్నం కారు, సాయంత్రానికి తిరుమల అని ప్రణాళిక వేసుకుంటారు. తిరుమల 853 మీటర్ల ఎత్తున ఉంది. పైగా అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే మొక్కు ఉంటే, డైవ్ తర్వాత అంత శ్రమ కూడా మంచిది కాదు. ఆ రాత్రి తిరుపతిలో ఉండి, గంటలు లెక్కపెట్టుకుని మర్నాడు కొండెక్కండి. ముందుగా స్వామి దర్శనం, ఆ తర్వాత సముద్రం అనుకుంటే ఈ చిక్కే లేదు. 'డైవ్ తర్వాత ఎక్కడికి వెళ్తున్నారు?' అని తానుగా అడిగే స్కూలు దొరికితే వదులుకోకండి.

బోర్డు మీద ఫైవ్ స్టార్ అని ఉంటే హోటల్ నక్షత్రాల్లా చదవకండి, అది శిక్షణ సంస్థలో ఆ కేంద్రం సభ్యత్వ స్థాయి. మీకు నేర్పే మనిషి పేరు, సభ్యత్వ సంఖ్య అడిగి ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూడండి. పడవలో అత్యవసర ఆక్సిజన్ ఉందా, ప్రమాదం జరిగితే ఏ ఆసుపత్రికి ఎలా చేరుస్తారు అన్నవి కూడా అడగాలి. తడబడకుండా జవాబు రావాలి. సిలిండర్ మీద పరీక్ష తేదీ చెక్కి ఉంటుంది, చూడమంటే చూపించాలి.

వానాకాలంలో సముద్రం కల్లోలంగా ఉంటుంది. అలలు పెద్దవైతే డైవ్ రద్దు చేసి డబ్బు వెనక్కిచ్చే పద్ధతి ఉందో లేదో ముందే తేల్చుకోండి. రద్దయితే నష్టం మీదే అనే స్కూలుకు ప్రమాదకరమైన రోజున కూడా మిమ్మల్ని దింపాలనే ఉంటుంది. పగడాలను తాకనివ్వని స్కూలును కూడా మెచ్చుకుంటాను. మన చట్టం వాటికి అడవి జంతువులతో సమానంగా రక్షణ ఇచ్చింది. ఫొటో కోసం వాటి మీద మోకాళ్లూనించే వాళ్లు దేన్ని పాడుచేస్తున్నారో వాళ్లకే తెలియదు.

ఇవన్నీ ఏజెంటును అడిగితే జవాబు రాదు. నేరుగా స్కూలుకే ఫోన్ చేయాలి. అండమాన్‌లో సిగ్నల్ ఉండదన్న పాత సాకు ఇప్పుడు చెల్లదు, చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు నుంచి పనిచేస్తోంది, స్వరాజ్ ద్వీప్‌కు కూడా వెళ్లింది. ఉదయం పూట మాత్రం ఎత్తరు, నీళ్లలో ఉంటారు. సాయంత్రం చేయండి. ఏజెంటు దగ్గర ప్యాకేజీలోంచి స్కూబా తీసేయమని, దాని విలువ తగ్గించమని అడగండి. ఉచితం కాబట్టి తగ్గించేదేమీ లేదంటే, పోనివ్వండి. టికెట్లు, హోటలు అతని దగ్గర తీసుకుని, స్కూలుకు డబ్బు మీరే కట్టండి.