రెండు కేజీల చోటు

(నల్లకుంటలో రెండో అంతస్తు ఫ్లాటు. డిసెంబరు, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు. ఇంట్లో డైనింగ్ టేబులు ఒక్కటే. సగం మీద మైదా, సగం మీద ఊలు. మధ్యన వంటింటి డిజిటల్ తూకం, పొలానికి గట్టురాయిలా. పక్కింటివాళ్ల అబ్బాయి శుక్రవారం రాత్రి చికాగో వెళ్తున్నాడు. పెట్టెలో రెండు కేజీల చోటు ఇస్తానన్నాడు. అక్కడ వీళ్ల నాలుగేళ్ల మనవడున్నాడు. సూర్యం తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. ఆ సంగతి వరలక్ష్మి ఎవర్నీ మర్చిపోనివ్వదు.)

సూర్యం: అరవై ఎనిమిది, అరవై తొమ్మిది, డెబ్భై...

వరలక్ష్మి: ఏమండీ, బిస్కట్లు లోపల పెట్టి ఎంతసేపైంది?

సూర్యం: ఎనిమిది నిమిషాలు. తొమ్మిది, పది, పదకొండు... అబ్బ! ఎక్కడున్నాను?

వరలక్ష్మి: నల్లకుంటలోనే.

సూర్యం: వరసకి 72 కుట్లు. మొదటికొచ్చింది లెక్క. ఇది మూడోసారి.

వరలక్ష్మి: ప్రతి 20 కుట్లకీ సూదికి ఓ రంగుదారం ఉచ్చు తగిలించుకోండి, ఉచ్చులు లెక్కపెట్టుకుంటే చాలు అని మొన్ననే చెప్పాను. వింటేగా? సరే, ఆ తూకం ఇటు జరపండి.

సూర్యం: ఊలు తూచుకుంటున్నాను.

వరలక్ష్మి: తూచేదేముంది? లెక్క నిన్నే తేలింది. డబ్బా 250 గ్రాములు. ఉస్మానియా బిస్కట్లు నాలుగు వాయిలు, 1200. కందిపొడి 250. మీకు 300 మిగిల్చాను. దయతల్చి.

సూర్యం: స్వెట్టరు పూర్తయితే 280 వస్తుంది. ఇంకో 20 ఉంది నాకు.

వరలక్ష్మి: అది కవరు బరువు.

సూర్యం: కవరు 20 గ్రాములా? ముప్పయ్యేళ్లు తక్కెళ్లు చూసినవాణ్ణి, నాకు చెప్పకు. (గిన్నెలోకి తొంగిచూసి) రెండో వాయికి మైదా కప్పుతో కొలిచావా?

వరలక్ష్మి: కప్పెందుకు? కప్పుని డబ్బాలో గుచ్చి తీస్తే మైదా కూరుకుని 150 గ్రాముల దాకా వస్తుంది. చెంచాతో పోసి చాకుతో చదును చేస్తే 120, 125. అదే కప్పు, అదే మైదా. ఆ 30 గ్రాములు ఎక్కువైతే బిస్కట్టు బీటలిచ్చి, నోట్లో పిండి పిండిగా తగుల్తుంది. అందుకే తూకం. మైదా 120, కస్టర్డ్ పౌడరు 20, పాలపొడి 20, వెన్న 100, పంచదార పొడి 60. కుంకుమపువ్వు నానేసిన పాలు చెంచాన్నర, చిటికెడు ఏలకుల పొడి, అర చెంచా ఉప్పు.

సూర్యం: నువ్వు తెచ్చింది ఉప్పున్న వెన్న. పావు చెంచా చాలు.

వరలక్ష్మి: ఉప్పు తగిలీ తగలనట్టుంటే అది ఉస్మానియా ఎలా అవుతుంది? తీపి ముందూ ఉప్పు వెనకా రావాలి. అప్పుడే ఇరానీ ఛాయ్‌లో ముంచితే నప్పుతుంది.

సూర్యం: చికాగోలో ఇరానీ ఛాయ్ ఎక్కడుందే?

వరలక్ష్మి: ఉప్పుకి వీసా అక్కర్లేదు. మీరు మాత్రం నా వెన్న జోలికి రాకండి. నిన్న మెత్తబడుతుందని ఓవెన్ మీద పెట్టారు, కరిగి నూనైంది. వేలితో నొక్కితే గుంట పడాలి, అంతవరకే. వెన్న, పంచదార పొడి కలిపి గిలక్కొడితే తెల్లబడుతుంది, గాలి పట్టి పొంగుతుంది. కరిగిపోయినదాన్లో గాలేం నిలుస్తుంది? బిస్కట్లు పళ్లెమంతా పాకి ఒకే రొట్టె అయ్యాయి.

సూర్యం: రుచి బాగుందిగా.

వరలక్ష్మి: ఆకారానికి మాట రాక రుచి ఎత్తుకున్నారు. (ముద్దలోంచి ఏదో పీకుతూ) ఇదేమిటి? వెంట్రుకా?

సూర్యం: (ఊలు వడికే తకిలి వెనక్కి దాస్తూ) ఏదీ?

వరలక్ష్మి: నల్లగా, గరుగ్గా... ఇంకోటి! మూడు! గొంగట్లో తింటూ వెంట్రుకలేరినట్టుంది నా బతుకు.

సూర్యం: సామెత బాగుంది కానీ, ఇక్కడ గొంగళెక్కడుంది?

వరలక్ష్మి: మీరు వడుకుతున్నదేమిటి మరి?

సూర్యం: అది... దక్కనీ గొర్రె ఊలు. ఎండకీ కరువుకీ ఓర్చే గొర్రె. స్వెట్టరు మెడకి ఓ నల్ల చార వేద్దామని.

వరలక్ష్మి: ఆ ఊలుతో కురుమలు గొంగళ్లు నేస్తారు, చింతగింజల గంజి పెట్టి. వానలో కప్పుకుని గొర్రెల వెంట తిరిగేవాడికి అంతకంటే మంచిది లేదు. నాలుగేళ్ల పిల్లాడి మెడకా? రాత్రంతా గోక్కుంటాడు. అయినా ఇది దారమా? ఓచోట దారం, ఓచోట మోకు. పాము ఎలకల్ని మింగినట్టుంది.

సూర్యం: పీచు లాగే లోపే పురి పైకి పాకుతోంది. పురి పట్టిన పీచు ఇక సాగదు, అక్కడ ముద్దవుతుంది. ఆ పక్కన సన్నబడి తెగుతుంది.

వరలక్ష్మి: తెలిసిందిగా, మరి పై వేళ్లతో పురిని అక్కడే నొక్కి పట్టండి. పీచు సాగాక వేళ్లు వదలండి. తకిలి కూడా పత్తిది తెచ్చారు. పత్తిపీచు పొట్టిది, సన్నది, తేలిక తకిలి గిర్రున తిరగాలి. ఈ ముతక ఊలుకి కాస్త బరువైనది నిదానంగా తిరిగినా చాలు.

సూర్యం: వడికినా మెలికలు పడుతోంది.

వరలక్ష్మి: ఒంటిపోగు మెలికలే పడుతుంది. రెండు పోగులు పక్కపక్కన పెట్టి, వడికిన దిక్కుకి ఎదురు తిప్పి పేనండి. ఆ పురీ ఈ పురీ సరిపోతే దారం ఊరుకుంటుంది. ముందిది చెప్పండి, ఊలు దేంతో దువ్వారు?

సూర్యం: ...

వరలక్ష్మి: పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు, దేశమంతా మెచ్చుకుంటుంది. మీరు నా దువ్వెనతో దువ్వారు!

సూర్యం: కడిగేశాను.

వరలక్ష్మి: కడిగారు! మొదట్లో ఒక్క ఉండ తెచ్చుకున్నారు, కాలక్షేపానికన్నారు. ఏకై వచ్చి మేకై కూర్చుంది. సోఫాలో ఊలు, పుస్తకాల బీరువాలో ఊలు, ఇప్పుడు మైదాలో... ఆగండి. ఏదో మాడుతోంది.

(ఇద్దరూ వంటింట్లోకి పరిగెడతారు. ఓవెన్ తలుపు తీస్తే పొగ. పళ్లెంలో పద్దెనిమిది బిస్కట్లు. అడుగు బొగ్గు, నడుమ పచ్చి.)

సూర్యం: ఏడో నిజాం పేరు పెట్టుకున్న బిస్కట్టు. దీనికీ గతి పట్టించావు. ఎంతలో పెట్టావు?

వరలక్ష్మి: వీడియోలో 350 అంది. మనదాన్లో 250 దాకే ఉంది. ఉన్నంతా తిప్పాను.

సూర్యం: (గోడకానుకుని, నెమ్మదిగా, ఆనందంగా) మళ్లీ చెప్పు.

వరలక్ష్మి: ఎందుకు మళ్లీ?

సూర్యం: ఆ 350 ఫారన్‌హీటు! మన ఓవెన్ సెంటీగ్రేడు. 350లో 32 తీసెయ్, 318. ఐదుతో గుణిస్తే 1590. తొమ్మిదితో భాగిస్తే 176 చిల్లర. 175 పెట్టాల్సింది 250 పెట్టావు. కేకులకి ఎప్పుడూ 180 పెట్టేదానివిగా, చేతికి ఏమొచ్చింది?

వరలక్ష్మి: కేకు మెత్తన, బిస్కట్టు కరకర. మంట ఎక్కువ కావాలేమోననుకున్నాను.

సూర్యం: కరకర మంటతో రాదు, చల్లారితే వస్తుంది. మందంగా వత్తావు కదా, అంత వేడిలో పైనా కిందా మాడేదాకా లోపలికి వేడి చేరదు. పది నిమిషాలు ముందుగా వేడెక్కించు. పైనా కిందా రెండు రాడ్లూ వెయ్యి. పళ్లెం మధ్య అరలో పెట్టు. 12 నిమిషాలకి చూడు. అంచు బంగారు రంగు తిరిగితే తీసెయ్. నొక్కితే ఇంకా మెత్తగానే ఉంటుంది, ఉడకలేదని మళ్లీ లోపలికి తొయ్యకు.

(ఇదంతా నిజమే. కాకపోతే బొత్తాం మీది అంకెకీ లోపలి వేడికీ చాలా ఓవెన్లలో పొత్తు కుదరదు, పదీ ఇరవై డిగ్రీల తేడా మామూలే. లోపల వేలాడదీసే చిన్న థర్మామీటరొకటి కొనుక్కోమని సూర్యం చెప్పాల్సింది. సంతోషంలో మర్చిపోయాడు.)

వరలక్ష్మి: అయిందా? నవ్వుకున్నారా? ఇప్పుడు ఆ వీపు ముక్క ఇలా తెండి.

సూర్యం: ఎందుకు?

వరలక్ష్మి: (టేపు తీస్తూ) టేబులు మీద పరవండి. లాగకండి, ఊరికే పరవండి. ఎంతుంది?

సూర్యం: 40 సెంటీమీటర్లు.

వరలక్ష్మి: పిల్లాడి ఛాతీ 58. వదులు 8 కలిపితే 66. అందులో సగం 33. మీది 40. ముందూ వెనకా కలిస్తే 80.

సూర్యం: కాస్త వదులు. పెరిగే పిల్లాడు.

వరలక్ష్మి: వాడితోబాటు వాళ్ల టీచరమ్మ కూడా దూరచ్చు. మీ నమూనా కాగితంలో 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లన్నారు?

సూర్యం: 22.

వరలక్ష్మి: (కళ్లద్దాలు సర్దుకుని లెక్కపెడుతుంది) ఇక్కడ 18 ఉన్నాయి. సూది ఏ నంబరు?

సూర్యం: 6. కాగితంలో 6 అని ఉంది. కోఠీకి వెళ్లి 6 అడిగాను. 6 ఇచ్చారు.

వరలక్ష్మి: ఎవరి 6?

సూర్యం: ఎవరి 6 ఏమిటి? 6 అంటే 6.

వరలక్ష్మి: ఆ కాగితం అమెరికావాళ్లది. వాళ్ల 6 అంటే 4 మిల్లీమీటర్ల సూది. మన కొట్లలో ఇంకా ఇంగ్లీషువాళ్ల పాత నంబర్లే నడుస్తున్నాయి. మన 6 అంటే 5 మిల్లీమీటర్లు. వాళ్లకి నంబరు పెరిగితే సూది లావవుతుంది, మనకి నంబరు పెరిగితే సన్నబడుతుంది. మీరు 8 తెచ్చుకోవాల్సింది. కూరగాయల బండివాడి తక్కెట్లో 10 గ్రాముల తేడా వస్తే కేసు రాసిన చేతులండీ ఇవి!

సూర్యం: నీది 75 డిగ్రీల తేడా. నాది ఒక్క మిల్లీమీటరు.

వరలక్ష్మి: ఆ ఒక్క మిల్లీమీటరే 72 కుట్లలో సాగి సాగి 7 సెంటీమీటర్లయింది. మచ్చుముక్క అల్లారా?

సూర్యం: ఊలు దండగని...

వరలక్ష్మి: 30 కుట్లు వేసి నలభై వరసలు అల్లితే పది గ్రాములకి అటూ ఇటూ. దాన్ని ఉతికి, నీడలో పరిచి ఆరబెట్టి, అంచులు ముడుచుకుంటాయి కాబట్టి నడిమధ్యన 10 సెంటీమీటర్లు కొలవాలి. పది గ్రాములు మిగుల్చుకుని వీపు ముక్క మొత్తం తగలేశారు.

సూర్యం: తగలెయ్యడమెందుకు, విప్పి మళ్లీ అల్లుతాను. ఇదే సూదికి 60 కుట్లు, కుట్టుకోడానికి అంచుకొకటి, మొత్తం 62.

వరలక్ష్మి: లెక్క కుదిరింది, తారీకు కుదర్లేదు. విప్పిన ఊలు సేమ్యాలా వంకర్లు పోతుంది. కుర్చీ వీపుకి చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానేసి, కింద చిన్న బరువు వేలాడేసి ఆరబెట్టాలి. ఈ చలికి ఒకటిన్నర రోజు. ఆపైన అల్లకం.

సూర్యం: ఇస్త్రీ పెట్టె ఓసారి అలా తిప్పితే?

వరలక్ష్మి: అది యాక్రిలిక్! ఇస్త్రీ వేడి తగిలితే సత్తువ చచ్చి జారిపోతుంది, ఇక బిగుసుకోదు. అటు గొర్రె ఊలేమో వేణ్ణీళ్లలో పిసికితే కుంచించుకుపోయి కంబళి ముక్కవుతుంది. రెంటికీ రెండు రోగాలు. అన్నీ మానేసి టోపీ అల్లండి.

సూర్యం: టోపీయా? (కాసేపాగి) తల 50 సెంటీమీటర్లు. టోపీ బిగుతుగా పట్టాలి కాబట్టి 45. 10కి 18 చొప్పున 81.

వరలక్ష్మి: 80 చేసుకోండి, ఎనిమిదితో భాగం పోతుంది. పైన గుండ్రం తిప్పేటప్పుడు ఒక వరస విడిచి ఒక వరసలో ఎనిమిదేసి కుట్లు తగ్గించచ్చు. మీవి తిన్నటి సూదులు, కుట్టు కోసం ఇంకో రెండు. 82. అంచు మూడు సెంటీమీటర్లు రెండు సీదా, రెండు ఉల్టా వెయ్యండి, చెవుల మీద పట్టుంటుంది. 60 గ్రాముల్లో అయిపోతుంది.

సూర్యం: అంటే నాకు 240 మిగిలింది.

వరలక్ష్మి: నాకు మిగిలింది. ఇంకో ముప్పావు వాయి పడుతుంది.

సూర్యం: ఆ పద్దెనిమిది బొగ్గులూ పంపుతావా?

వరలక్ష్మి: మాట్లాడకండి, అల్లండి. నేను మిగతా ముద్దని ఫ్రిజ్‌లో అరగంట పెడతాను. వెన్న గట్టిపడితే కోసినప్పుడు అంచు నిలుస్తుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో సర్దాలి, వేడి మీద మూత పెడితే ఆవిరికి మెత్తబడతాయి.

సూర్యం: డెబ్భై ఎనిమిది, డెబ్భై తొమ్మిది...

వరలక్ష్మి: ఏమండీ, 175లో ఎన్ని నిమిషాలన్నారు?

సూర్యం: పన్నెండు. పదమూడు, పద్నాలుగు... వరం!

వరలక్ష్మి: అందుకే రంగుదారం అన్నాను. ఆ వీపు ముక్క ఇటివ్వండి.

సూర్యం: ఇప్పుడే విప్పేస్తావా? పది రోజులు పట్టింది. కళ్లముందొద్దు.

వరలక్ష్మి: విప్పను. చలికి వారం నుంచి పెరుగు తోడుకోవడం లేదు. గిన్నెకి చుట్టి ఓవెన్ పక్కన పెడతాను. (చుట్టి చూసి) చూశారా, కొలిచినట్టు సరిపోయింది.

సూర్యం: (నొచ్చుకున్నా, ఉండబట్టలేక) తోడు వేసేముందు పాలు చూసుకో. 42 డిగ్రీలుండాలి.

వరలక్ష్మి: ఎవరి 42?