సవరణ: బుడమేరు వరద పోస్టులో ఆనందం గురించి రాసిన మాట

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పటి సంగతి రాస్తూ, "ప్రభువులో ఉన్నవాళ్లకు దుఃఖం నిలవదు" అన్నాను. ఏడ్చేవాళ్లకు విశ్వాసం తక్కువని దానర్థం కాదు. తన స్నేహితుడు లాజరు చనిపోయినప్పుడు యేసుప్రభువే కన్నీళ్లు విడిచారు. ఆనందించమని అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు, అంటే ఫిలిప్పీ ఊరి విశ్వాసులకు, రాసింది కూడా బంధకాల్లో, ఖైదీగా ఉండే. మా వీధిలో ఒక పెద్దావిడ బీరువాలో బురద కడుక్కుని, తడిసి ఉబ్బిన బైబిల్ పేజీలు చిరగకుండా ఒక్కొక్కటే విడదీసి ఎండలో పెట్టారు. కళ్లు తుడుచుకుంటూనే పాట అందుకున్నారు. నేను ఆనందం అన్నది దాన్నే. అందుకని ఇల్లు మునిగినవాళ్ల దగ్గరికెళ్లి "ఏడవకండి, సంతోషించండి" అని నా మాటగా చెప్పకండి, దయచేసి. ముందు అన్నం, పొడి బట్టలు పట్టుకెళ్లండి. కాసేపు పక్కన కూర్చోండి. ప్రార్థన వాళ్లు అడిగినప్పుడు చేద్దాం.