కుక్కకి క్యాన్సర్ అని చెప్పినప్పుడు ఎంతవుతుందో, ఎన్నాళ్ళుంటుందో రెండూ కలిపి చెప్పండి

మా కుక్క చిట్టి పోయి నలభై రోజులు. ఇన్నాళ్ళూ రాయాలనిపించలేదు. మొన్న రాత్రి పక్క వీధి ఆవిడ ఫోన్ చేసి, "మీ చిట్టికి మొదట్లో మెడ కింద గడ్డలొచ్చాయన్నారు కదండీ, మా కుక్కకీ ఏదో చేతికి తగుల్తోంది" అంది. గంటసేపు మాట్లాడాను. ఆవిడకి చెప్పిందంతా ఇక్కడ కూడా రాస్తున్నాను, ఆవిడకి చెప్పకుండా దాచుకున్న కోపంతో సహా.

మా చిట్టి లాబ్రడార్ క్రాస్, ఎనిమిదేళ్ళు, 24 కిలోలు. మెడ పట్టా ఎప్పుడూ నాలుగో రంధ్రానికి పెట్టేదాన్ని. ఒకరోజు అందలేదు. లావెక్కింది కాబోలు అనుకుని మూడో దానికి పెట్టి, పెరుగన్నం తగ్గించాను. తర్వాతి ఆదివారం దువ్వుతుంటే దవడ కింద రెండు పక్కలా రెండు గడ్డలు తగిలాయి, ఒక్కోటి పెద్ద ఉసిరికాయంత, గట్టిగా, వేలితో నొక్కితే పక్కకి జారుతున్నాయి. దానికేం నొప్పి లేదు, నొక్కుతున్న చెయ్యి నాకుతోంది.

విజయవాడలో మేమెప్పుడూ వెళ్ళే క్లినిక్‌కే తీసుకెళ్ళాం. "ఇన్‌ఫెక్షన్ అమ్మా, గ్రంథులు వాచాయి" అన్నారు. యాంటీబయాటిక్ రాశారు, ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు, పది రోజులకి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. మొత్తం 600 రూపాయలు. నాలుగు రోజుల్లో గడ్డలు కరిగిపోయాయి. ఆ డాక్టర్ గారి చెయ్యి మంచిదని ఇంట్లో అందరం అనుకున్నాం. మూడు వారాలకి మళ్ళీ వచ్చాయి, ఇంకా పెద్దవై, ఈసారి వెనక కాళ్ళ మోకాళ్ళ వెనక కూడా.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చిట్టికి వచ్చింది లింఫోమా అని తర్వాత తేలింది. లింఫోమా అంటే రక్తంలోని ఒక రకం తెల్లకణాలకు వచ్చే క్యాన్సర్. స్టెరాయిడ్ ఆ కణాలను చంపుతుంది, అందుకే వాపు తగ్గినట్టు కనిపిస్తుంది. చావకుండా మిగిలినవి మొండికెత్తుతాయి, తర్వాత ఇచ్చే కీమో మందులకి కూడా సరిగ్గా లొంగకపోవచ్చు. పైగా స్టెరాయిడ్ పడ్డాక చేసిన పరీక్షలో జబ్బు సరిగ్గా కనపడకపోవచ్చు కూడా. అసలు చెయ్యాల్సిన పరీక్ష సూది పరీక్ష. మామూలు ఇంజెక్షన్ సూదే, గడ్డలోకి గుచ్చి, వచ్చిన నాలుగు కణాల్ని గాజు పలక మీద పూసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. మత్తు అక్కర్లేదు, ఐదు నిమిషాల పని. ఆ సూది మొదటి రోజే గుచ్చి ఉంటే! ఈ మాట ఇప్పటికీ రాత్రి పడుకున్నాక గుర్తొస్తుంది. కారణం తెలియని గడ్డ ఉన్న కుక్కకి సూది పరీక్ష చెయ్యకుండా స్టెరాయిడ్ వెయ్యనివ్వకండి. డాక్టర్ ఎంత మంచివారైనా సరే, అడగండి.

తర్వాత హైదరాబాద్. అక్కడ ఒక పెద్ద ఆస్పత్రి ఉంది, స్పెషలిస్టులున్నారు అని ఎవరో చెబితే, తెల్లవారుజామున మూడింటికి కారు మాట్లాడుకుని బయల్దేరాం. 275 కిలోమీటర్లు. వెనక సీట్లో చిట్టి నా ఒళ్ళో తల పెట్టి పడుకుంది, గురక పెడుతోంది, గొంతు దగ్గర గడ్డలు ఒత్తుకుని.

ఆ రోజు బిల్లు నా దగ్గర ఉంది. కన్సల్టేషన్ 1,500, రక్త పరీక్షలు 3,200, ఎక్స్‌రే 2,400, కడుపు స్కానింగ్ 3,500, గుండెకి ఎకో 4,000, సూది పరీక్ష 2,800, అబ్జర్వేషన్ ఛార్జీ 4,000. మొత్తం 21,400. ఎకో ఎందుకో నాకు తర్వాత తెలిసింది, కీమోలో వాడే డాక్సోరూబిసిన్ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి ముందే చూసుకోవాలి, అది సరైన పనే. కానీ రక్త పరీక్షలూ ఎక్స్‌రే రెండు రోజుల ముందే విజయవాడలో చేయించి కవర్లో పెట్టి తీసుకెళ్ళాను. ఆ కవరు విప్పను కూడా లేదు. "బయటి రిపోర్టులు తీసుకోం మేడమ్" అంది కౌంటర్లో అమ్మాయి. అబ్జర్వేషన్ అంటే ఏమిటని అడిగితే, చిట్టిని రెండు గంటలు బోనులో ఉంచడం.

రిపోర్టు మూడో రోజు వాట్సాప్‌లో వచ్చింది. లింఫోమా. వెంటనే ఆస్పత్రి నుంచి ఫోన్. 16 సిట్టింగులు, దాదాపు ఆరు నెలలు, ఒక్కో సిట్టింగ్ 9,500, అంటే 1,52,000. రేపటిలోగా 50,000 కడితే స్లాట్ ఉంచుతాం. నేను ఒకటే అడిగాను, "తగ్గుతుందా?" అని. "రెస్పాన్స్ చాలా బాగుంటుంది మేడమ్, ఎనభై తొంభై శాతం." నేనేం అర్థం చేసుకుంటాను? వందలో తొంభై కుక్కలు బతుకుతాయని అర్థం చేసుకున్నాను. మీరైనా అంతే. మా ఆయన గోల్డ్ లోన్ గురించి బ్యాంకులో పనిచేసే మా బావగారికి ఫోన్ కూడా చేశారు.

ఆ ఎనభై తొంభై శాతం అబద్ధం కాదు. అది గడ్డలు కరిగే శాతం. కీమో ఇస్తే వందలో ఎనభై తొంభై కుక్కల్లో గడ్డలు పోతాయి, కొన్నాళ్ళు మామూలుగా ఉంటాయి, తర్వాత దాదాపు అన్నిటికీ తిరగబెడుతుంది. ఏ తెల్లకణాల్లో మొదలైందన్నదాన్ని బట్టి లింఫోమాలో బి, టి అని రెండు రకాలు, బి రకానికి పూర్తి కీమో ఇస్తే సగం కుక్కలు ఏడాది దాకా ఉంటాయి, టి రకమైతే ఇంకా తక్కువ. ఏ మందూ ఇవ్వకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు. ఒక్క ప్రెడ్నిసలోన్ మాత్రలే ఇస్తే నెలా రెండు నెలలు. ఈ నాలుగు వాక్యాలు చెప్పడానికి ఒక నిమిషం పట్టదు. లక్షన్నర అడిగిన మనిషికి ఆ నిమిషం లేకపోయింది. రెండు రోజులు ఆలోచించుకుంటాం అని మా ఆయన అంటే ఫోన్లో వచ్చిన జవాబు, "మీ సొంత బిడ్డ అయితే ఆలోచిస్తారా సార్?"

అవును, ఆలోచిస్తాం. మా ఇద్దరి జీతాలు కలిపితే 70,000, అబ్బాయి తొమ్మిదో తరగతి. ఇన్సూరెన్స్ అడిగిన చోటల్లా దీనికి వయసు దాటిపోయిందన్నారు. డబ్బు గురించి ఆలోచిస్తే ప్రేమ లేనట్టు మాట్లాడటం ఏం వైద్యం? ఆ మాటకి మా ఆయన వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు, అరగంట లోపలికి రాలేదు.

మా నాన్న చెబితే గన్నవరం వెటర్నరీ కాలేజీకి వెళ్ళాం. ఇంటి నుంచి ఇరవై కిలోమీటర్లు. ఇంత దగ్గర్లో ఉన్నదాన్ని వదిలేసి హైదరాబాద్ పరిగెత్తాం, గవర్నమెంటుది కదా అని. బెంచీల మీద గంటన్నర కూర్చున్నాం, పక్కన ఒక మేక, అవతల కాలు విరిగిన దూడ. మమ్మల్ని చూసిన డాక్టర్ గారు హైదరాబాద్ రిపోర్టులన్నీ ఒక్కొక్కటీ చదివారు. ముందే స్టెరాయిడ్ పడిందా అని అడిగి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పారు: "అమ్మా, ఇది పూర్తిగా నయమయ్యేది కాదు. మందులు పనిచేస్తే ఎనిమిది నెలలో, ఏడాదో హాయిగా ఉంటుంది. మీకు నెలకి ఏడెనిమిది వేలు అవుతుంది. మధ్యలో ఎప్పుడు ఆపాలనిపించినా ఆపండి, అది తప్పు కాదు." అప్పుడు ఏడుపొచ్చింది నాకు. అన్ని రోజుల్లో ఏడవలేదు, ఆ రోజే ఏడ్చాను. ఏం చెయ్యాలో మాత్రం ఆ రోజే తెలిసింది.

మందులు మేమే కొనుక్కుని వెళ్ళేవాళ్ళం. విన్‌క్రిస్టిన్ సీసా బొటనవేలంత ఉంటుంది, అందులో 1 మిల్లీగ్రాము. చిట్టి బరువుకి లెక్క కడితే దానికి కావాల్సింది 0.6 మిల్లీగ్రాము. ఆ సీసా వంద రూపాయలు కూడా కాలేదు. మనుషులకి వాడేవే ఇవన్నీ. విన్‌క్రిస్టిన్, డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్, ప్రెడ్నిసలోన్, నాలుగూ ప్రభుత్వం ధర కట్టడి చేసే అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. అందుకని డాక్టర్లు మందు రేటే తీసుకోవాలని నేను అనను. కళ్ళారా చూశాను ఆ పని. ఇద్దరు పట్టుకోవాలి, మందు ఎక్కించే సన్నటి గొట్టం, కాన్యులా, కాలి నరంలో కచ్చితంగా కూర్చోవాలి, విన్‌క్రిస్టిన్ చుక్క నరం బయట పడితే అక్కడి కండ కుళ్ళిపోతుంది. చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్క్. ఆ నైపుణ్యానికి డబ్బు తీసుకోండి, ఎక్కువే తీసుకోండి. దేనికెంతో విడివిడిగా రాసి ఇవ్వండి, అంతే. ప్యాకేజీ అని ఒక అంకె చెబితే అందులో ఏముందో మాకెలా తెలుస్తుంది?

కీమో అంటే భయపడే వాళ్ళకి ఒకటి చెప్పాలి. కుక్కలకి ఇచ్చే మోతాదు మనుషులకి ఇచ్చినంత తీవ్రంగా ఉండదు, ఉన్నన్నాళ్ళు బాగుండాలనే లెక్కతో ఇస్తారు. చిట్టికి బొచ్చు ఊడలేదు, మీసాలు మాత్రం ఒక్కొక్కటిగా రాలిపోయాయి. దాని దుప్పటి మీద దొరికినవి మా అబ్బాయి జామెట్రీ బాక్సులో దాచుకున్నాడు. ఇంజెక్షన్ అయిన రెండో రోజు అన్నం ముట్టేది కాదు, నాలుగో రోజుకి గేటు దగ్గర పాలబ్బాయి మీద అరిచేది. మందు పడ్డాక రెండు మూడు రోజులు దాని మూత్రంలో మందు పోతూ ఉంటుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. గర్భిణులూ పిల్లలూ అసలు ముట్టుకోకూడదు. ఇది కూడా పెద్ద ఆస్పత్రిలో చెప్పలేదు, గన్నవరంలో చెప్పారు.

క్యాన్సర్ అనగానే అయిపోయింది అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అదీ తప్పే. వీధికుక్కలకి మర్మావయవాల దగ్గర రక్తం కారే గడ్డలు వస్తాయి, టీవీటీ అనే క్యాన్సర్ అది, ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. ఇదే విన్‌క్రిస్టిన్ వారానికొకటి చొప్పున నాలుగైదు ఇంజెక్షన్లు పడితే చాలావరకు పూర్తిగా పోతుంది. మా కాలేజీ రోడ్డులో నల్ల కుక్క ఒకటి అలాగే బాగుపడింది, అన్నం పెట్టేవాళ్ళు తలా కొంత వేసుకుని చేయించారు. ఆడకుక్కకి రొమ్ము దగ్గర గడ్డ వస్తే దాదాపు సగం మామూలు గడ్డలే, పిల్లులకైతే మాత్రం చాలావరకు క్యాన్సరే, ఆగకూడదు. అందుకే ఏ రకమో తెలుసుకోకుండా ఆశ పెట్టుకోకూడదు, వదిలెయ్యకూడదు కూడా.

మాకు ఎనిమిది నెలలు దొరికాయి. నోట్‌బుక్కులో రాసుకున్న లెక్క ప్రకారం గన్నవరం ఖర్చంతా, ఆటోలతో కలిపి, 58,000 దాటలేదు. దసరాకి మా నాన్న వాళ్ళ ఊరు తీసుకెళ్ళాం, కాలవలో దిగి ఒక పట్టాన బయటికి రాలేదు. తర్వాత ఒక ఉదయం పట్టా మళ్ళీ నాలుగో రంధ్రానికి అందలేదు. కీమో రెండోసారి మొదలుపెట్టొచ్చు కానీ ఈసారి నిలిచే కాలం తక్కువగా ఉంటుందని డాక్టర్ గారు చెప్పారు, చెప్పి ఊరుకున్నారు, ఒత్తిడి చెయ్యలేదు. ఆపేశాం. మాత్రల మీద మూడు వారాలుంది. ఊపిరి కష్టమైన రోజు ఆయనే చెప్పినట్టు శాశ్వతంగా నిద్రపుచ్చాం, తల నా ఒళ్ళోనే ఉంది.

"కుక్కకి అన్ని వేలా?" అన్న చుట్టాలున్నారు. "ఆ లక్షన్నర పెట్టుంటే ఇంకా బతికేదేమో" అన్న స్నేహితులున్నారు. రెండు మాటలూ తగిలాయి. మీ ఇంట్లో ఇదే వచ్చి, మాత్రలతో సరిపెట్టి రెండు నెలలు ఒళ్ళో పెట్టుకుని సాగనంపితే మిమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపకూడదు. అప్పు చేసి కీమో చేయిస్తే కూడా ఎవరూ నవ్వకూడదు. కానీ ఏది చెయ్యాలో ఎంచుకోవడానికి జబ్బు పేరు, రకం, చేస్తే ఎన్నాళ్ళు, చెయ్యకపోతే ఎన్నాళ్ళు, నెలకెంత అన్నది ఒక కాగితం మీద రాసి చేతిలో పెట్టాలి, అడ్వాన్స్ అడగడానికి ముందే. నేనడుగుతున్నది అంతే. ఈ పోస్టు చదివే వెటర్నరీ డాక్టర్లు ఎవరైనా ఉంటే, మీ క్లినిక్‌లో రేపటి నుంచే మొదలుపెట్టండి దయచేసి.

పక్క వీధి ఆవిడ ఇవాళ పొద్దున్న మెసేజ్ పెట్టింది. సూది పరీక్ష అయిందట, స్టెరాయిడ్ వద్దని ముందే చెప్పిందట. రిపోర్టు గురువారం. తోడు నేను వెళ్తున్నాను.